కాకెంగిలి

సింగపూర్‌లో, పుంగ్గోల్‌లో మా బ్లాకు కింద నీటి ఒడ్డున ఒక బెంచీ ఉంది. రిటైరయ్యాక మధ్యాహ్నం భోజనం చేసి అక్కడ కూర్చోవడమే నా ఉద్యోగం. అక్కడ పూర్తిగా నిద్రా పట్టదు, మెలకువగానూ ఉండదు. నీళ్ళ మీద ఎండ కదులుతుంటుంది. దూరంగా చిన్న రైలు పెద్దగా చప్పుడు చేయకుండా పోతుంటుంది. కళ్ళు మూతపడతాయి. అప్పుడు నా ముందుకు ఒక పళ్ళెం జరిగి వస్తుంది. లేత నీలం రంగు ఆసుపత్రి పళ్ళెం. ఒక ముసలి ఎడమ చెయ్యి దాన్ని మెల్లమెల్లగా నా వైపు తోస్తుంటుంది.

నేను ఉలిక్కిపడి కళ్ళు తెరిస్తే పక్కనున్న మా ఆవిడకి వెంటనే తెలిసిపోతుంది.

"మళ్ళీ ఆయనేనా?"

"ఆయనే."

"ఏమంటాడు?"

"తినమంటాడు."

"ఇప్పుడేగా తిన్నారు! వద్దనండి."

వద్దనే పద్దెనిమిది రోజులు అన్నాను. ఆ గొడవ చెబుదామనే ఇది మొదలుపెట్టాను. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కనిపించినప్పుడల్లా "అంకుల్, మీ బెస్ట్ కేస్ ఏది?" అని అడుగుతుంటారు. బెస్టు కేసుల సంగతి మా హాల్లో గోడకున్న ఫొటోలు చూసుకుంటాయి. మీకు పనికొచ్చేది నా తప్పు ఒకటుంది, వినండి.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. ఈ మాటకి అర్థం మా అత్తగారికి ముప్పయ్యేళ్ళు చెప్పాను. ఆవిడ చివరిదాకా నన్ను కాంపౌండరనే అనుకుంది. పక్షవాతం వచ్చినవాళ్ళని నడిపించేవాళ్ళు వేరే ఉంటారు. నడక వచ్చినా రాకపోయినా మనిషి తన అన్నం తను తినాలి, తన చొక్కా బొత్తాం తను పెట్టుకోవాలి. అవి మళ్ళీ నేర్పడం నా పని. సింగపూర్‌లోనే ఈశాన్యాన ఒక చిన్న ఆసుపత్రిలో చేసేవాణ్ణి. పెద్దాసుపత్రిలో ప్రాణం నిలబెట్టి పంపిస్తే, ఇంటికెళ్ళే ముందు కొన్ని వారాలు మా దగ్గరుంచేవాళ్ళు.

అప్పట్లో మేము యూ టీలో ఉండేవాళ్ళం. పొద్దున్నే రైలెక్కితే ద్వీపం ఆ కొస నుంచి ఈ కొసకి ప్రయాణం. సగం దారి కళ్ళు మూసుకునే ఉండేవాణ్ణి. ఎక్కడెక్కడి భాషలో చెవిలో పడుతుండేవి, అన్నీ కలిసి ఒకటే గొణుగుడుగా మారిపోయేవి. దిగాల్సిన చోట ఎలా మెలకువ వచ్చేదో ఇప్పటికీ తెలియదు.

వార్డులో భాష రాని పేషెంటు ఎవరొచ్చినా నాకే అంటగట్టేవాళ్ళు. నాకు గుంటూరు తెలుగుతో పాటు వచ్చీరాని హిందీ, అరవం, బజారు మలయ్ వచ్చు. ఓడలు కట్టే చోట చెయ్యి నలిగిన బంగ్లాదేశ్ కుర్రాళ్ళు, పాకిస్తాన్ నుంచి కొడుకింటికొచ్చి పడిపోయిన తల్లులు, అరబ్బు దేశాలనుంచి వచ్చిన కుటుంబాలు, అందరూ నా దగ్గరికే. అలా అలా ఆ వార్డులో వలసొచ్చిన ముస్లింల తరఫున మాట్లాడే మనిషిని నేనే అయిపోయాను. మంచాల మీదే నమాజు చేసుకునేవాళ్ళ కోసం మంచాలు పడమరకి తిప్పించాను. ఆడవాళ్ళకి ఆడ నర్సులే కావాలని పోట్లాడి సాధించాను. రంజాన్ నెలలో మందుల వేళలు మార్పించాను. వీళ్ళ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని లోలోపల కాస్త పొగరు కూడా ఉండేది. ఆ పొగరే కొంప ముంచింది.

ఆ పెద్దాయన యెమెన్ నుంచి వచ్చాడు. ఊళ్ళో తేనె వ్యాపారం. యుద్ధం వచ్చి ఊరు చెదిరిపోతే, ఇక్కడి హౌగాంగ్‌లో కాపురముంటున్న కూతురు తన దగ్గరికి తెచ్చుకుంది. ఆమె భర్త ఇక్కడే పుట్టినవాడు, వాళ్ళ పూర్వీకులదీ యెమెన్ తీరమే. వచ్చిన కొద్ది నెలలకే పెద్దాయనకి పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. ఒక కూనిరాగం మాత్రం మిగిలింది. కిటికీ వైపు చూస్తూ తనలో తనే సన్నగా తీసుకుంటూ ఉండేవాడు. ఆ రాగం వింటూ పక్క మంచాలవాళ్ళు నిద్రపోయేవాళ్ళు. నేనూ ఒకటి రెండుసార్లు కుర్చీలో కునుకు తీశాను, ఇప్పుడు చెప్పడానికి భయమేముంది.

కూతురు ఒక పిల్లల బడిలో పనిచేసేది. మధ్యాహ్నం గంటసేపు అనుమతి తీసుకుని పరుగెత్తుకొచ్చేది. ఆమెకి ఒకటే కోరిక, నాన్నని ఇంటికి తీసుకెళ్ళాలి. డాక్టరు కూడా ఒప్పుకున్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు. ఆయన నోటితో అన్నం తినాలి. తినకపోతే ముక్కులోంచి ట్యూబు వేయాలి. ట్యూబు ఉన్న మనిషిని పగలంతా కనిపెట్టుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి నర్సింగ్ హోంకి, అంటే లేవలేని ముసలివాళ్ళని ఉంచి చూసే చోటికి, పంపాలి. భాష లేక, తన మనిషి పక్కన లేక ఆయన అక్కడ ఎన్నాళ్ళుంటాడో మా అందరికీ తెలుసు. మింగడానికి అడ్డేమీ లేదని పరీక్షలో తేలింది. ఇక తినడం ఒక్కటే మిగిలింది, అది చూడాల్సింది నేను.

మొదటి మూడు రోజులు సెలవులో ఉన్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం వార్డులోకి అడుగుపెట్టేసరికి, ఆ అమ్మాయి తండ్రి పళ్ళెంలో చెయ్యి పెట్టి, ఒక ముద్ద తను తిని, అదే చేత్తో ఇంకో ముద్ద ఆయన నోట్లో పెడుతోంది. నా ఒళ్ళు జలదరించింది.

"అమ్మా, ఆగమ్మా! పేషెంటు పళ్ళెంలో తినకూడదు. ఇన్ఫెక్షన్ వస్తుంది. పైగా ఆయన ఎంత తిన్నాడో మేం రాసుకోవాలి."

ఆమె మొహం ఎర్రబడింది. "సారీ అంకుల్, తెలియదు," అని గబగబా చెయ్యి తుడుచుకుంది. నేను అంతటితో ఊరుకోలేదు. పెద్దక్షరాలతో ఒక కాగితం రాసి మంచం పైన గోడకి అంటించాను. పేషెంటు ఆహారం ఇతరులు ముట్టరాదు.

రూలు ఉన్నమాట నిజమే. కానీ నా గొంతులోకి అంత గట్టితనం వచ్చింది రూలు వల్ల కాదు, మా అమ్మమ్మ వల్ల. తినే చెయ్యి పక్కవాడి కంచం వైపు జరిగితే చాలు, ఆవిడ కళ్ళతోనే కొట్టేది. మా ఇంట్లో చేపలకి పట్టింపు లేదు గానీ ఎంగిలికి ఉంది. ఆవిడ పోయి ఎన్నేళ్ళయినా నాతోపాటు సముద్రం దాటి వచ్చి, సింగపూర్లో యూనిఫాం వేసుకుని నిలబడింది. అయితే అప్పుడు నాకది తెలియదు. నా మటుకు నేను చాలా బాగా ఉద్యోగం చేశాననే అనుకున్నాను.

మర్నాటి నుంచి పెద్దాయన తినడం మానేశాడు.

కూతురు తెచ్చే ఖర్జూరం నానబెట్టిన నీళ్ళు, కాసిని పాలు తాగేవాడు. అన్నం దగ్గరికి వస్తే పెదవులు బిగించేసేవాడు. నేను వంకర పిడి ఉన్న చెంచా ఒకటి తయారుచేసి ఎడమ చేతికిచ్చాను. ఎడంచేత్తో అన్నం తినమంటే ఎవరికైనా ఎలా ఉంటుందో తెలుగువాణ్ణి నాకు తెలియదా? తెలుసు. పుస్తకంలో అలా ఉంది మరి. ఆయన చెంచాని మర్యాదగా బల్ల మీద పెట్టి, అదే ఎడమ చేత్తో పళ్ళేన్ని తోసేవాడు. నేను మళ్ళీ ఆయన ముందుకి జరిపేవాణ్ణి. ఆయన మళ్ళీ తోసేవాడు. కోపం లేదు, విసుగు లేదు, కళ్ళల్లో ఏదో బతిమాలుతున్నట్టుండేది. నేను వెళ్ళి 'పళ్ళెం తోసేస్తున్నాడు, తిరస్కరిస్తున్నాడు' అని రాసేవాణ్ణి.

ఎడమ చెయ్యి సంగతేమోనని మసీదు నుంచి ఒక ఉస్తాద్‌ని పిలిపించాను. ఆయన పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, కుడి చెయ్యి లేనివాడు ఎడమ చేత్తో తింటే తప్పులేదని అరబ్బీలో నెమ్మదిగా చెప్పాడు. పెద్దాయన విని, గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. అన్నం వస్తే మాత్రం మళ్ళీ అంతే. ఉస్తాద్ వెళ్ళేటప్పుడు నాతో, "ఇది ఆయనకి తెలియని విషయం కాదండీ. ఆయన అడుగుతున్నది వేరే ఏదో ఉంది," అన్నాడు. ఆ ముక్క కూడా నా బుర్రకెక్కలేదు.

కూతురు రోజూ వచ్చి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆయన పళ్ళెం ఆమె వైపు తోస్తే, గోడ మీద కాగితం వైపు చూసి తల అడ్డంగా ఊపేది. నేను గుమ్మంలో నిలబడి అంతా చూసేవాణ్ణి. పిల్ల బుద్ధిమంతురాలు అనుకునేవాణ్ణి! ఇప్పుడు తలుచుకుంటే చెంపలేసుకోవాలనిపిస్తుంది.

రెండున్నర వారాలు గడిచాయి. ఆయన దవడలు లోపలికి పోయాయి, కూనిరాగం సన్నబడింది. ఒకరోజు మధ్యాహ్నం రెండు గంటలకి మీటింగు పెట్టారు. ట్యూబు వేయడమూ, నర్సింగ్ హోమూ రెండూ ఆ పూటే తేల్చేస్తారు. దానికి ఆధారం నా నోట్సే.

ఆ పొద్దున మక్‌చిక్ నన్ను వంటగది దగ్గర ఆపింది. మక్‌చిక్ అంటే మలయ్‌లో పిన్నిగారన్నమాట. పళ్ళేలు పంచి, మళ్ళీ తీసుకెళ్ళే పెద్దావిడ. డాక్టర్లు కూడా ఆమెని అలాగే పిలిచేవాళ్ళు. ఆమె అందరినీ "ఎన్‌చిక్" అనేది, అంటే అయ్యగారు అని. ఇక్కడివాళ్ళలాగే మాట చివర "లా" అని ఒక ఊతం తగిలించేది.

"ఎన్‌చిక్, ఆయన పళ్ళెం తోసేస్తున్నాడని రాశారట?"

"రోజూ చూస్తున్నాం కదా మక్‌చిక్."

"ఎటు తోస్తున్నాడు?"

"ఎటేమిటి? అవతలికి."

"అవతల ఎవరుంటారు?"

"నేనుంటాను."

"ఆఁ, మీరే ఉంటారు లా! పళ్ళెం తీయడానికి నేను వెళ్తే నా వైపు తోస్తాడు. సిస్టర్ మందులిస్తుంటే సిస్టర్ వైపు తోస్తాడు. పక్కనే గోడ ఉంది, గోడ వైపు ఒక్కసారైనా తోశాడా? వద్దనుకునేవాడికి మనుషులెందుకు? మకాన్‌కి పిలుస్తున్నాడు లా మిమ్మల్ని, భోజనానికి!"

"మరి ముందే చెప్పొచ్చుగా?" అన్నాను.

"మీరు చదువుకున్నవాళ్ళు. పైగా గోడ మీద కాగితం అంటించింది మీరే కదా," అని ఆమె ట్రాలీ తోసుకుంటూ పోయింది.

వెళ్ళి చార్టు తీశాను. మొదటి మూడు రోజులూ సగం, సగం, ముప్పావు. నాలుగో రోజు నా కాగితం. ఐదో రోజు నుంచి గీత నేలకి పడిపోయింది. ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు? పద్దెనిమిది రోజులుగా ఆ పెద్దాయన నన్ను భోజనానికి పిలుస్తున్నాడు. నేనేమో ఆయన తినడం లేదని రాస్తున్నాను.

ఆ చార్టు పట్టుకుని కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు. బయట వాన పడబోయి ఆగినట్టుంది వెలుగు. అందులో నాకు ఆసుపత్రి కనబడలేదు, మా బడి వెనక జామచెట్టు కనబడింది. మేం పిల్లలం జామకాయ పంచుకోవాలంటే చొక్కా కొన కాయ మీద కప్పి, గుడ్డ మీదుగా కొరికి ముక్క తీసేవాళ్ళం. దాన్ని కాకెంగిలి అనేవాళ్ళం. గుడ్డ అడ్డం ఉంది కాబట్టి ఎంగిలి అంటదు, అమ్మమ్మకి తెలిసినా తిట్టదు. నా పక్కన కూర్చునే సాయిబుల అబ్బాయికి మాత్రం ఈ గుడ్డ సంగతి ఎక్కేది కాదు. ఉత్త పళ్ళతో కొరికి, మిగతాది నా వైపు చాపేవాడు. "ఛీ, ఎంగిలి!" అని నెట్టేసేవాణ్ణి. "నీ ఖర్మ పో," అని నవ్వుతూ తనే తినేసేవాడు. వాడు రోజూ అలాగే చాపేవాడు, నేను రోజూ అలాగే నెట్టేవాణ్ణి. అరవై ఏళ్ళు దగ్గరపడుతున్నా నేను చేస్తున్నది అదే పని.

పన్నెండింటికి పళ్ళేలు వచ్చాయి. మీటింగు కోసమని కూతురు ఆ రోజు ముందే వచ్చింది. నేను గోడ మీది కాగితం చింపేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు.

"అమ్మా, మీ ఇంట్లో ఆయన ఎవరితో కలిసి తినేవారు?" అని అడిగాను. మొదటి రోజు అడగాల్సిన ప్రశ్న.

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "అందరితో, అంకుల్. మా ఊళ్ళో మధ్యాహ్నం మా తలుపు వేసేవాళ్ళు కాదు. దారిన పోయేవాళ్ళు కూడా వచ్చి పళ్ళెం చుట్టూ కూర్చునేవాళ్ళు. వచ్చినవాళ్ళు మొదటి ముద్ద తినేదాకా బాబా ముట్టేవాడు కాదు. ఇక్కడ మీరంతా వచ్చి చుట్టూ నిలబడతారు, ఒక్కళ్ళూ తినరు. ఇది తన ఇల్లే అనుకుంటున్నాడేమో, మరి."

"నాకీ మాట ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీకు తెలుసనుకున్నాను. బాబా మంచం పడమరకి తిప్పించింది మీరే కదా. మా సంగతులన్నీ తెలిసినాయన వద్దంటే ఏదో కారణం ఉంటుందనుకున్నాను."

ఈ మాట కన్నా ఆమె నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మెత్తటి అన్నం, చేపల పులుసు. కూతురు భయంభయంగా ఒక ముద్ద తింది. పెద్దాయన కళ్ళల్లో వెలుగొచ్చింది, కానీ తినలేదు. పళ్ళెం నా వైపు తోశాడు. ఆమె ఇంటి మనిషి, వచ్చినవాణ్ణి నేను. అతిథి పస్తుంటే ఇంటాయన తినడం మా గుంటూరు వైపు కూడా లేదు.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? శుభ్రమైన సాసరొకటి తెప్పించి, శుభ్రమైన చెంచాతో పళ్ళెం అంచు నుంచి ఇంత అన్నం అందులో వేసుకుని, నవ్వు మొహం పెట్టి తిన్నాను. తెలివిగా చేశాననే అనుకున్నాను. పెద్దాయన ఆ సాసరు వైపు చూశాడు. తర్వాత మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. అప్పటిదాకా పెదవుల మీద ఉన్న కూనిరాగం ఆగిపోయింది.

నా కాకెంగిలి ఆయనకి అర్థమైపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

లేచి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కున్నాను. సిస్టర్ కౌంటరు దగ్గర్నుంచి నన్నే చూస్తోంది. తిరిగొచ్చి, సాసరు పక్కకి పెట్టి, వేళ్ళు ఆ పళ్ళెంలో పెట్టాను. ఆ అమ్మాయి వేళ్ళు తిరిగిన అన్నమే. కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను. మా అమ్మమ్మ ఎక్కడున్నా ఆ క్షణాన లేచి కూర్చుని ఉంటుంది. చేపల పులుసు చప్పగా ఉంది. కారం లేదు, ఉప్పు లేదు. మింగాను.

ఆయన ఇటు తిరిగాడు. నా నోటి వైపే చూశాడు. అప్పుడు ఎడమ చెయ్యి దుప్పటి కిందికి పోయి, పడిపోయిన కుడి చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని పైకి తెచ్చింది. పసిబిడ్డని ఎత్తుకున్నట్టు తెచ్చి పళ్ళెంలో దించింది. ఆ కుడి చేతి గురించి నేను 'ఉపయోగపడే కదలిక లేదు' అని సంతకం చేసి ఉన్నాను. వంకర తిరిగిన వేళ్ళు అన్నంలో కదిలాయి. నిజంగా కదిలాయి. రెండు వేళ్ళూ బొటనవేలూ దగ్గరకొచ్చి ఇంత అన్నం పట్టుకున్నాయి. చెయ్యి వణుకుతూ లేచింది. ఆయన నోటి వైపు వెళ్ళలేదు. నా నోటి వైపు వచ్చింది.

సగం నా యూనిఫాం మీద పడిపోయింది. మిగతా సగం కోసం నోరు తెరిచాను. చొక్కా కొన అడ్డం పెట్టుకోలేదు.

తర్వాతి ముద్ద ఆయన తిన్నాడు. కింద ఎడమ చెయ్యి, పైన కుడి చెయ్యి. తినే ముందు పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు. పళ్ళేలు తీయడానికొచ్చిన మక్‌చిక్ చూసి, "బిస్మిల్లా అన్నాడు," అంది. ఆ అమ్మాయి ఏడుస్తూనే తింది, తింటూనే ఏడ్చింది. నేను ఏడవలేదని చెప్పను.

రెండింటికి మీటింగులో పెద్ద డాక్టరు చార్టు తిప్పుతూ అడిగాడు. "ఈ పూట ఎంత తిన్నాడు?"

సిస్టర్ చేతులెత్తేసింది. ఆవిడ చైనీయురాలే గానీ, అయ్యో అనే మాట సింగపూర్లో అందరిదీ. "అయ్యో డాక్టర్, ఎలా రాయను? ఒకే పళ్ళెంలో ముగ్గురు తిన్నారు!"

డాక్టరు నవ్వలేదు. నా వైపు చూశాడు. "పద్దెనిమిది రోజుల నా నోట్సు తప్పు డాక్టర్," అన్నాను. "ఆయన అన్నం వద్దనలేదు. మమ్మల్ని తినమన్నాడు. కూతురితో కలిసి తింటున్నన్నాళ్ళు తిన్నాడు, ఆమెని ఆపింది నేను. కుడి చేతి గురించి రాసిందీ తప్పే. ప్రతి కాగితం మీదా తప్పని రాసి సంతకం పెడతాను."

"ఇన్ఫెక్షన్ రూలుందిగా?"

"ఉంది. చేతులు కడుక్కుని, ఎవరి వైపు నుంచి వాళ్ళు తింటాం. ఎంత తిన్నాడో లెక్క రాయలేం, బరువు తూద్దాం. ఒక్క వారం ఇవ్వండి."

"రోజూ ఎవరు తింటారు ఆయనతో?"

"నేను తింటాను," అన్నాను. గుమ్మం దగ్గర ట్రాలీతో నిలబడిన మక్‌చిక్ కూడా చెయ్యెత్తింది. ఆమెని మీటింగుకి ఎవరు పిలిచారో నాకిప్పటికీ తెలియదు.

డాక్టరు పెన్ను మూతపెట్టాడు. "ఒక్క వారం. బరువు తగ్గితే ట్యూబే."

ఆ వారమంతా నాకు ఒక కలలాగే గుర్తుంది. మధ్యాహ్నం పన్నెండు కాగానే ఆ మంచం చుట్టూ కుర్చీలు చేరేవి. కూతురు, నేను, ఒకరోజు మక్‌చిక్, ఇంకోరోజు చేతికి కట్టుతో ఉన్న పక్క మంచం బంగ్లాదేశ్ కుర్రాడు. పెద్ద పళ్ళెం ఒకటి వంటగదిలో వెతికి పట్టుకొచ్చాం. ఒక్కొక్కరు ఒక్కో భాషలో మాట్లాడేవాళ్ళం, ఎవరిదీ ఎవరికీ పూర్తిగా అర్థమయ్యేది కాదు. పెద్దాయన రాగం మధ్యలోంచి సాగుతుండేది. నాకు ఇంటి దగ్గర పెట్టిన టిఫిన్ డబ్బా రోజూ అలాగే వెనక్కి వెళ్తుంటే మా ఆవిడ, "నా వంట ఎప్పుడు చేదయింది?" అని నిలదీసింది. చెప్పాను. "ఎంగిలి తిన్నారా మీరు! మీరా!" అని నోరు తెరిచేసింది.

వారం తర్వాత తూస్తే బరువు తగ్గలేదు. చిటికెడు పెరిగింది కూడా. పెద్దాయన హౌగాంగ్ వెళ్ళిపోయాడు.

కింద ఎడమ, పైన కుడి చెయ్యి పెట్టి తినిపించే ఆ పద్ధతిని తర్వాత చాలామందికి నేర్పాను. నా పద్ధతి అని మెచ్చుకున్నవాళ్ళున్నారు. నాది కాదని చెబితే వినయం అనుకున్నారు. నేను చేసిన సొంత పని ఒకటే. కొత్త పేషెంటుని అడిగే ప్రశ్నల కాగితంలో ఒక్క వరుస చేర్పించాను. 'మీరు ఎవరితో కలిసి తింటారు?' అని. మీరు ఆ ప్రశ్న గబగబా టిక్కు పెట్టేసి పోతుంటారని విన్నాను. నాయనా, అక్కడ ఆగండి. జవాబు వచ్చేదాకా కూర్చోండి.

రెండు నెలలకి వాళ్ళు మమ్మల్ని భోజనానికి పిలిచారు. బ్లాకు మెట్లెక్కుతుండగానే మసాలా అన్నం వాసన. తలుపు బార్లా తీసి ఉంది. లోపల గదిలో ఆడవాళ్ళ పళ్ళెం, హాల్లో మగవాళ్ళ పళ్ళెం. మా ఆవిడ నా చొక్కా పట్టుకు లాగి, "ఏవండీ, అందరికీ ఒకటే పళ్ళెమా?" అంది.

"ఒకటే."

"అయ్యబాబోయ్," అనుకుంటూ లోపలికి పోయింది. లోపల ఏం చేసిందో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో చేతులు మాత్రం వాసన చూసుకుంటూ కూర్చుంది.

నేను పెద్దాయన పక్కన నేల మీద కూర్చున్నాను. ఆయన గోడకి ఆనుకుని, తెల్ల టోపీ పెట్టుకుని, ఆ పళ్ళేనికి యజమానిలా ఉన్నాడు. ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి మొదటి ముద్ద నా నోట్లో పెట్టాడు. ఈసారి ఒక్క మెతుకు కూడా కిందపడలేదు. ఉద్యోగంలో వేలమందికి చెంచాలతో తినిపించి ఉంటాను. చేత్తో ఒక్కరికీ పెట్టలేదు. నేను తిన్న చేత్తోనే అన్నం కలిపి, మాంసం ముక్క ఎముక తీసి, ఒక ముద్ద ఆయన నోటి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన నా మొహంలోకి చూసి నోరు తెరిచాడు.

నమిలి మింగాడు. తర్వాత పళ్ళేన్ని మెల్లగా నా వైపు తోశాడు.

నా కడుపు నిండిపోయి ఉంది. తిన్నాను.